మగ్గం గుంతకు జామీను

బాడుగ ఇంటి కరారు మీద ముగ్గురి పేర్లుండేవి. ఇల్లుగలవారు, బాడుగకు దిగేవారు, జామీనుదారు. మొదటి ఇద్దరి హక్కులూ బాధ్యతలూ చెప్పడానికి చట్టాలున్నాయి, వకీళ్ళున్నారు. నేను రాయదలచుకున్నది మూడో మనిషి గురించి. యాభైల్లోనూ అరవైల్లోనూ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళలో దస్తావేజు రైటరుగా పనిచేశాను. ఆ మూడో పేరు కింద ఎన్ని సంతకాలు, ఎన్ని వేలిముద్రలు వేయించానో లెక్క లేదు. అసలు ఆ పేరు కాగితం మీద ఎందుకుందో అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇప్పుడు అచ్చు ఫారాలు కొని ఖాళీలు నింపుతున్నారు. జామీనుదారు అన్నచోట అడ్డంగా ఒక గీత కొట్టి, పైన అడ్వాన్సు ఎంతో వేస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ గీత కొట్టిన చోట ఒకప్పుడు ఎలాంటివాళ్ళు కూర్చునేవారో చెప్పాలనిపించింది.

పంతులుగారి మాదిరి పుస్తకం

నాకు పని నేర్పింది హిందూపురంలో శేషగిరి పంతులు. ఆయన దగ్గర ఒక మాదిరి పుస్తకం ఉండేది. అందులో బాడుగ కరారు మూడు రకాలుగా రాసి ఉండేది, ఊరికొకటి. ఇల్లు ఇల్లే కదా, మూడు మాదిర్లు ఎందుకని అడిగాను.

"ఒక్కో ఊరికి ఒక్కో భయం ఉంటాదిరా. దాన్ని మోసేటోడే జామీను" అన్నాడు.

హిందూపురానికి మైసూరు వైపు నుంచి వ్యాపారం మీద వచ్చేవాళ్ళెక్కువ. వచ్చినవాడెవడో తెలియదన్నది అక్కడి భయం. ఒకసారి మిరపకాయల మండీలో పనిచేసే ఒకాయన, ఇల్లు కావలసిన మనిషిని వెంటబెట్టుకుని జామీను నిలబడతానని వచ్చాడు.

"ఈయప్ప నీకేమైతాడు?" అన్నాడు పంతులు.

"మా చుట్టమే సామీ. బాగా కావల్సినోడు."

"పేరు చెప్పు, రాసుకుంటా."

జామీనుదారు పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, "నిన్న హెసరేనప్పా?" అని కన్నడంలో ఆ చుట్టాన్ని పేరు అడిగాడు.

పంతులు కలం కింద పెట్టాడు. "కన్నడం నాకూ వస్తాదప్పా. పో, పది దినాలు ఆయప్పతో తిరుగు. పేరు కనుక్కోని అప్పుడు రా."

అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. జామీనుదారు కూడా నవ్వాడు. నిజంగానే పది రోజుల తర్వాత వచ్చాడు. ఈసారి పేరే కాదు, ఆ మనిషికి వంకాయ పడదని కూడా చెప్పాడు.

పెనుకొండలో కోర్టు, కచేరీలు ఉండేవి. బాడుగకు దిగేవాళ్ళు గుమాస్తాలు, మాస్టర్లు. బదిలీ ఉత్తర్వు వచ్చిన మర్నాడే తాళం వేసుకుని రైలెక్కితే ఏం చేయాలన్నది ఇళ్ళుగలవాళ్ళ దిగులు. ఆ ఊళ్ళో జామీను అంటే తాళంచెవికి జామీను, అంతే.

ధర్మవరం మాదిరి అన్నింటికంటే పొడుగు. అది మగ్గాల ఊరు.

నేల తవ్విన ఇల్లు

గుంత మగ్గం చూడనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. నేసేవాడు నేలమీద కూర్చుంటాడు. కాళ్ళు కిందున్న తొక్కుడు చెక్కల మీద ఉండాలి. అందుకని ఇంట్లో మోకాలు దాటే లోతున గుంత తవ్వాలి. సొంత ఇల్లయితే ఎవరడిగేది లేదు. బాడుగ ఇంట్లో మాత్రం మరొకరి నేల తవ్వుతున్నట్టు లెక్క. ఖాళీ చేసేటప్పుడు పైపైన మన్ను పోసి పోతే, ఒక్క వానాకాలానికి అక్కడ నేల కుంగుతుంది, గోడ నెమ్ముతుంది. మగ్గం లేనివాళ్ళెవరూ ఆ ఇంట్లోకి దిగరు.

కాబట్టి ధర్మవరంలో జామీనుదారు బాధ్యత గుంత మీద. తవ్వే రోజు దగ్గరుండాలి. ఖాళీ చేసే రోజు ఎర్రమన్ను తోలించి, తడిపి, దిమ్మిసతో పొరపొరగా కొట్టించి, అలికించి, నేల ముందెలా ఉందో అలా చేసి అప్పగించాలి.

నేను ధర్మవరంలో అరుగు పెట్టుకునే నాటికి ఈ పనికి ఊళ్ళో అందరూ పిలిచే మనిషి ఆదెప్ప. నేసి నేసి మోకాళ్ళు పోయాక మగ్గం దిగిన ముసలాయన. చదువు లేదు. జామీను నిలబడినందుకు ఏమీ తీసుకోడు, భోజనం పెడితే తింటాడు. గుంత పూడ్చిన మర్నాడు ఒట్టికాళ్ళతో ఆ చోట అటూ ఇటూ నడిచేవాడు. "ఈడ గుంత ఉండె అని కాలికి తెలీకూడదబ్బా" అనేవాడు.

తన పేరు మీద ఇళ్ళలోకి దిగినవాళ్ళను ఆయన దారినపోతూ పలకరించేవాడు. తలుపు తీసి ఉంటే లోపలికి పోయి మగ్గం చూసేవాడు, బిడ్డకు జ్వరమంటే నొసటి మీద చెయ్యి పెట్టేవాడు. జామీనుదారు ఇంతగా తిరగనక్కర్లేదని నేననుకునేవాణ్ణి. ముసలాయనకు తోచక తిరుగుతున్నాడనుకున్నాను.

నేను కొట్టేసిన వాక్యం

ఆ రోజుల్లో నాకు మరో పని కూడా ఉండేది. ఒక దినపత్రికకు ధర్మవరం నుంచి వార్తలు పంపేవాణ్ణి. మొదట్లో నేను పంపిన వార్తల్లో సగం అచ్చయ్యేది కాదు. అక్కడి సబెడిటర్ ఒకాయన కార్డు రాశాడు: మీరు మాటలు పంపుతున్నారు, సంగతి పంపండి. ఆ కార్డును గోడకు గుచ్చుకున్నాను. ఏ వాక్యం తీసేస్తే ఏమీ పోదో చూసి తీసేయడం అలవాటైంది. ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

అయితే ఆ కత్తెర నా దస్తావేజుల మీద కూడా పడింది. పంతులు మాదిరిలో "మనఃపూర్వకముగా, ఎవరి ప్రోద్బలమూ లేక" లాంటివి బోలెడుండేవి. ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాను. ధర్మవరం మాదిరి చివర్లో ఇంకో వాక్యం ఉండేది: "మగ్గము మీద పడుగు ఉండగా గడువు తీరిన పక్షమందు, సదరు పడుగు పూర్తియగు వరకు గుంత పూడ్చవలెనని జామీనుదారును నిర్బంధించరాదు." పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించిన పోగులు. నేను పని మొదలుపెట్టాక ఒక్కరికీ ఆ వాక్యం అవసరం రాలేదు. పదకొండు నెలలకొకసారి మళ్ళీ రాసుకునే కాగితానికి ఈ సాగతీత దేనికని అదీ కొట్టేశాను.

మరో తప్పు కూడా చేశాను. పంతులు ప్రతి కాగితమూ మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించేవాడు. నాకు వార్తల కవరు మధ్యాహ్నం ప్యాసింజరుకు అందించే తొందర. ముఖ్యమైన నాలుగు ముక్కలు చెప్పి వేలిముద్ర వేయించేవాణ్ణి. కొత్తవాళ్ళకు నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే: చదువు రానివాడికి సగం చదివి వినిపిస్తే అది మోసమే. తొందర అన్నది సాకు కాదు.

బండి వచ్చిన రోజు

సుంకన్న అనే నేతగాడు, అతని భార్య ఓబులమ్మ కనగానపల్లి హనుమంతరెడ్డిగారి ఇంట్లో బాడుగకుండేవాళ్ళు. జామీను ఆదెప్ప. ఆ యేడు రాసిన కరారు నా చేతిది. రెడ్డిగారి కొడుక్కు ధర్మవరంలో మాస్టరు ఉద్యోగం వచ్చింది. ఇల్లు తమకే కావాలని రెడ్డి రెండు నెలల ముందే చెప్పాడు. సుంకన్న సరేనన్నాడు. గడువుకు ముందే చేతిలోని పడుగు అయిపోవాలి. కానీ మధ్యలో పదిహేను రోజులు జ్వరంతో పడుకున్నాడు.

గడువు రోజు పొద్దున ఆదెప్ప నాకు కబురు పంపాడు. నేను పోయేసరికి ఇంటి ముందు ఎద్దుల బండి నిలిచి ఉంది. కుండలు, వడ్ల మూటలు, పైన ఒక ఊయల తలకిందులుగా కట్టి ఉన్నాయి. రెడ్డి కోడలు పసిబిడ్డతో ఎదురింటి అరుగు మీద కూర్చుంది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది. ఆపితే బయటికొచ్చి జవాబు చెప్పాలని సుంకన్న ఆపడం లేదు.

"రాప్పా రైటరూ, నువ్వు రాసిందే చదువు" అన్నాడు రెడ్డి.

చదివాను. గడువు తేదీనాటికి గుంత పూడ్చి ఇల్లు అప్పగించడానికి జామీనుదారు పూచీ.

"ఇంకేమన్నా ఉండాదా దాంట్లో?"

"లేదు."

ఓబులమ్మ గడపలోకొచ్చింది. "జొరమొచ్చి పండుకోకుంటే ఎప్పుడో అయిపోతాండె మామా. మూడు చీరల పడుగు. ఒకటిన్నర అయ్యిండాది, ఇంకో ఇరవై దినాలు పట్టేటట్టుండాది. ఇప్పుడు మగ్గమెత్తితే పడుగు కొయ్యాల్సిందే" అంది ఆదెప్పతో.

పడుగు కోయడమంటే ఏమిటో ఆ వీధిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పట్టు షావుకారుది. మిగిలిన పోగులన్నీ పనికిరాకుండా పోతాయి. అది ఒక పక్క. రెండో పక్క, పడుగు కోసినవాడని పేరు పడితే ధర్మవరంలో ఏ షావుకారూ వాడికి మళ్ళీ పట్టు ఇవ్వడు. సుంకన్నకు వేరే పని రాదు.

ఆదెప్ప నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, ఆ మాట యాడ పొయ్యె?"

"ఏ మాట పెద్దాయనా?"

ఆయన చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు, "మగ్గము మీద పడుగు ఉండగా గడువు తీరిన పక్షమందు" అని మొదలుపెట్టి, ఒక్క అక్షరం పోకుండా చివరిదాకా చెప్పాడు. పంతులు మాదిరి చూసి రాసేవాళ్ళందరి నోటా ఏళ్ళ తరబడి విని కంఠతా పట్టాడు.

"అది పాత మాదిరిలోది. ఇప్పుడెవురూ రాయల్యా" అన్నాను. అబద్ధం. రాయనిది నేనొక్కణ్ణే.

"రాయకుంటే రాయల్యా అని చెప్పల్ల గదబ్బా. నాకు సదువు ల్యాకున్నా సెవులుండాయి గదా."

నేను కాగితం మడతపెట్టాను.

రెడ్డి చెడ్డవాడు కాదు. "ఆ మాట కాగితంలో ఉంటే నేను కాదంటానా? లేకపాయె. నేనేం పడుగు కొయ్యమంటిన్యా? నా ఇల్లు నాకియ్యమంటాండా. మావోడు నెల దినాల నుంచి సత్రం కూడు తింటాండాడు. ఇంగ ఇరవై దినాలు ఈ బాలింతను కూడా సత్రంలో పెట్టుకోమంటావా?"

ఎవరి మాటలోనూ తప్పు లేదు. తప్పంతా నా చేతిలో ఉన్న కాగితంలో ఉంది.

ఆదెప్ప కాసేపు మగ్గం చప్పుడు వింటూ నిలబడ్డాడు. తర్వాత మొలతాటికి కట్టుకున్న తాళంచెవి విప్పాడు.

"రెడ్డీ, గడువుకు ఇల్లు అప్పజెప్తానని ఏలిముద్ర యేసినా. ఇంద, ఇల్లు."

"ఇది యాడిదప్పా?"

"నాది. నాలుగిండ్లవతల. గుంత ల్యాదు, మగ్గం దిగిన్నాడే పూడ్సినా. సున్నం కూడా కొట్టిచ్చిండా. ఈ పడుగు అయిపోయ్యేదాకా మీరాడ ఉండండి, మేమీడ ఉంటాం."

ఆదెప్ప భార్య సాలమ్మ గుంపులో వెనక నిలబడి ఉంది. "బాగుండాదిప్పా! ఊరందరికీ ఇండ్లిప్పిస్తివి, ఇప్పుడు మనిల్లే ఇస్తివి. ఇంగ మిగిలింది నేను. నన్నెవురికిస్తావో చూడాల!"

"నీకు జామీను ఎవురు నిలబడతారే?" అన్నాడు ఆదెప్ప.

రెడ్డితో సహా అందరూ నవ్వారు. కానీ తాళంచెవి అందుకోవడానికి రెడ్డికి చెయ్యి రాలేదు. కోడలే చంకలో బిడ్డతో లేచి వచ్చింది. "ఇయ్యి తాతా, భద్రంగా చూసుకుంటాలే" అని తీసుకుంది. లోపల మగ్గం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆడింది.

ఇరవై రోజులు

ఆ ఇరవై రోజులు సాయంకాలం పని కాగానే సైకిలు ఆ వీధికే తిరిగేది. నన్నెవరూ రమ్మనలేదు. సాలమ్మ, ఓబులమ్మ ఒకే పొయ్యి మీద వండేవాళ్ళు. ఆదెప్ప కండెలు చుట్టి అందిస్తుండేవాడు. మగ్గం దిగి ఎన్నాళ్ళయిందో, మళ్ళీ పట్టుపోగు చేతికొచ్చేసరికి ఆయన వేళ్ళు పడుచువాడి వేళ్ళలా కదిలేవి. రెడ్డి కోడలు అప్పుడప్పుడూ బిడ్డనెత్తుకొచ్చి మగ్గం పక్కన కూర్చునేది. ఏ రంగు అంచుకు ఏ రంగు కొంగు బాగుంటుందో వాళ్ళు గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఎవరి ఇంట్లో ఎవరుంటున్నారో గుర్తున్నట్టే లేదు. నేను గడప బయటే కూర్చునేవాణ్ణి. ఆదెప్ప నాకు నీళ్ళిప్పించేవాడు, వానల గురించి అడిగేవాడు. ఆ వాక్యం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మూడో చీర కోసి దించిన మర్నాడు గుంత పూడ్చారు. మన్ను తట్టలు నేనూ మోశాను.

రంగమ్మ ఇంటి కాగితం

సుంకన్నకు బత్తలపల్లి రోడ్డులో రంగమ్మ అనే ఆవిడ ఇల్లు కుదిరింది. మగదిక్కు లేని మనిషి, అన్నీ గట్టిగా చూసుకునేది. కరారు నా అరుగు మీద రాశాను. పంతులు వాక్యం దాని చోటికి తిరిగొచ్చింది. మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను.

ఆదెప్ప విన్నాడు. తల ఊపాడు. సిరా అద్దిన గుడ్డ ముందుకు జరిపితే చెయ్యి చాపలేదు.

"మాటిస్తా తల్లీ" అన్నాడు రంగమ్మతో. "గుంత తవ్వేనాడు వస్తా, పూడ్సేనాడు వస్తా. కాగితం మీద మాత్రం ఇంగ ఏలు పెట్టను."

"మాట గాలికి పోతాది పెద్దాయనా. కాగితమైతే పెట్టెలో ఉంటాది. ఏలిముద్ర ల్యాకుంటే నేనియ్యను."

సుంకన్న లేచి నిలబడ్డాడు. మగ్గం విడదీసి ఆదెప్ప పంచలో పెట్టి ఉంది. ఇంకో ఇల్లు వెతకాలి, షావుకారు పడుగు సిద్ధం చేసి పెట్టాడు.

రైటరు కాగితానికి బయట ఉండాలన్నది పంతులు నేర్పిన మొదటి నియమం. తాను రాసిన దస్తావేజులో తాను కక్షిదారు కాకూడదు. ఈనాటి పిల్లలకు కూడా నేను అదే చెబుతాను. ఆ రోజు మాత్రం కలం తిప్పుకుని జామీనుదారు అన్నచోట నా సంతకం పెట్టాను.

రంగమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు గుంత పూడ్సేది తెలుసునా?"

"నేర్చుకుంటాను."

ఆదెప్ప కర్ర తీసుకుని అరుగు దిగుతూ, "ఇంగ నీకు సుఖం ల్యాదులే అబ్బా" అన్నాడు. ఆ తర్వాత ఆయన నా అరుగెక్కలేదు. వీధిలో కనబడితే పలకరించేవాడు.

విడుదల

ఆయన చెప్పింది నిజమే. సుంకన్న ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బత్తలపల్లి రోడ్డులో పోయేటప్పుడు నా సైకిలు తనంతట అదే నెమ్మదించేది. మగ్గం చప్పుడు వినబడితే ముందుకు పోయేవాణ్ణి. వినబడకపోతే దిగేవాణ్ణి. బావి నీళ్ళ దగ్గర రంగమ్మకూ ఓబులమ్మకూ మాట పట్టింపు వస్తే మధ్యలో కూర్చున్నాను. సుంకన్న వాళ్ళకు ఆడబిడ్డ పుట్టింది. పేరు పెట్టిన రోజు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. అన్ని కాగితాలు రాసినా, ఒక ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో పట్టించుకోవడం నాకు అప్పటిదాకా తెలియదు.

కొన్నేళ్ళకు సుంకన్న సొంతంగా చిన్న ఇల్లు కట్టుకున్నాడు. రంగమ్మ ఇంట్లో గుంత నేనే దగ్గరుండి పూడ్పించాను. రంగమ్మ నేల చూసుకుని, పెట్టెలోంచి కరారు తీసి నా ముందే చింపింది. "నీ పూచీ తీరిందప్పా, నిమ్మళంగా ఉండు" అంది.

నిమ్మళంగా ఉండలేకపోయాను. మర్నాడు బత్తలపల్లి రోడ్డులో సైకిలు నెమ్మదించింది. వినడానికి ఏమీ లేదు. అక్కణ్ణుంచి తిన్నగా ఆదెప్ప ఇంటికి పోయాను. బాగా ముసలివాడైపోయాడు, పంచలో మంచం మీద పడుకుని ఉన్నాడు. సాలమ్మ అప్పటికి లేదు.

కాగితం చింపేశారని చెప్పాను.

"ఎట్లుండాది?" అన్నాడు.

"నా ఇల్లే ఖాళీ అయినట్టుండాది."

ఆయన నా వైపు ఒత్తిగిలాడు. "నాకూ అట్లనే ఉంటాండె అబ్బా. పూడ్సినప్పుడల్లా."

లేవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంగెవురన్నా బాడుగకు వస్తాంటే చెప్పు. ఏలిముద్ర యేస్తా. నడవల్యాను గానీ, ఈడికి పిల్సుకోనొస్తే మనిషిని చూసి యేస్తా."

అప్పటికి ఊళ్ళో అడ్వాన్సులు వచ్చేశాయి. జామీను అడిగే ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు.

"చెప్తా పెద్దాయనా" అన్నాను.